స్పిరిట్ దూది వాసన

మొన్న ఉదయం పరగడుపున రక్తపరీక్షకు వెళ్లాను. పరీక్ష చేసే అమ్మాయి నా మోచేతి వంపులో దూదితో ఒకసారి తుడిచింది. చల్లగా తగిలి అంతలోనే ఆరిపోయింది. ఆ వాసన ముక్కుకు అందేసరికి నేను ఎనిమిదేళ్ల పిల్లనయ్యాను. సూది ఎప్పుడు గుచ్చిందో తెలియలేదు. "చెయ్యి మడవకండి, చాపి ఉంచి దూదిని అదిమి పట్టుకోండి" అంటోంది ఆ అమ్మాయి. అచ్చంగా మా నాన్న మాట. చెయ్యి మడిస్తే అదుము సరిగ్గా పడదనీ, రక్తం చర్మం కిందికి చేరి కమిలిపోతుందనీ ఆయన వచ్చినవాళ్లందరికీ విసుగు లేకుండా చెప్పేవారు.

నాన్న కాంపౌండరు. ఇప్పటి పిల్లలకు ఈ మాట తెలియదు. చిన్న ఆసుపత్రిలో డాక్టరుగారు చీటీ రాస్తే, ఆ మందు కలిపి ఇచ్చేదీ, కట్టు కట్టేదీ, సూది వేసేదీ, భయపడ్డవాళ్లకు ధైర్యం చెప్పేదీ కాంపౌండరే. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన చొక్కా నిండా స్పిరిట్ వాసన ఉండేది. గుమ్మంలో చెప్పులు విడిచి, తిన్నగా కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగేవారు.

"రాత్రి నిద్ర పట్టిందా? నీళ్లు తాగారా? ఎంత నడిచారు?"

ఎలా ఉన్నారని ఎవరినీ అడిగేవారు కాదు. ఇంటికి చుట్టాలు వచ్చినా, దారిలో పాత స్నేహితుడు కలిసినా ఈ మూడే. "ఎలా ఉన్నావంటే ప్రతివాడూ బాగానే ఉన్నానంటాడు. నిద్ర సంగతి అడిగితే నిజం బయటికి వస్తుంది. నిద్ర గురించి అబద్ధమాడటం మనిషికి అంత సులువుగా చేతకాదు" అనేవారు. నాకు చేతనైంది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఆయన పోయి ఏడాది దాటింది. రక్తపరీక్ష నుంచి వచ్చాక ఆయన రేకు పెట్టె దించి తెరిచాను.

* * *

ఆ ఆసుపత్రి నాకు ముందు చప్పుళ్లుగానే గుర్తుకొస్తుంది. సెలవు రోజుల్లో అమ్మ నన్ను అక్కడికి పంపేది. మందుల గది మూలన స్టవ్వు మీద స్టీలు పెట్టెలో నీళ్లు తెర్లుతుండేవి. లోపల గాజు సిరంజీలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. నీళ్లు తెర్లడం మొదలైన క్షణం నుంచి గడియారం చూసి ఇరవై నిమిషాలు. ఎంతమంది తొందరపెట్టినా ఒక్క నిమిషం కూడా తగ్గించేవారు కాదు. తరువాత పొడవాటి పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి ఆరబెట్టేవారు. సూదులు మొద్దుబారితే చిన్న సానరాయి మీద నూరేవారు. ఇప్పుడు కాగితం కవరు చించి, ఒకసారి వాడి పారేస్తున్నారు. అదే మంచిది, అందులో సందేహం లేదు. ఒకరి రోగం మరొకరికి అంటించకుండా ఉండటానికి అప్పుడు ఒక మనిషి గడియారం ముందు కాపలా ఉండాల్సి వచ్చేది.

ఇంకో చప్పుడు కల్వానిది. మాత్రలు నూరి, పొడిని సమభాగాలు చేసి, చిన్న చిన్న కాగితాల్లో పొట్లాలు కట్టేవారు. ఒక పొట్లం మడతను మరొకదానిలో దూర్చే ఆ పద్ధతి నాకు ఇప్పటికీ వేళ్లలో ఉంది. నీళ్ల మందైతే సీసా మీద ఒక కాగితం పట్టీ అతికించేవారు. ఆ పట్టీని మడిచి కత్తెరతో అంచులు కత్తిరిస్తే వరసగా గంట్లు పడేవి. ఒక గంటు నుంచి మరో గంటుకు ఒక మోతాదు. అక్షరం రానివాళ్లు కూడా పొరపాటు పడేవారు కాదు. ఆ పట్టీలు కత్తిరించే పని నాది. గంట్లు ఎగుడుదిగుడుగా వస్తే పట్టీని పక్కన పడేసి, "ఇంకోటి చెయ్యి తల్లీ, ఇది ఎవరి కడుపులోకో వెళ్లే లెక్క" అనేవారు.

జలుబుతో వచ్చి సూది వెయ్యమని పట్టుబట్టేవారు చాలామంది. అప్పుడు నాన్న కల్వం పక్కన పెట్టి, వాళ్లను బల్ల మీద కూర్చోబెట్టేవారు. జలుబు వైరస్ వల్ల వస్తుందనీ, యాంటీబయాటిక్ మందు బాక్టీరియాను చంపుతుందే తప్ప వైరస్‌ను ఏమీ చెయ్యలేదనీ, అక్కర్లేనిచోట వాడితే నిజంగా అవసరమైన రోజున అది పని చెయ్యకుండా పోవచ్చనీ చెప్పేవారు. విశ్రాంతి తీసుకోమనేవారు. ఊపిరి అందకపోయినా, జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టినా వెంటనే రమ్మనేవారు. కొందరు వినేవారు, కొందరు మొహం ముడుచుకుని వెళ్లిపోయేవారు. వెళ్లినవాళ్ల గురించి ఆయన రాత్రి భోజనం దగ్గర కూడా బాధపడేవారు.

* * *

మా ఇంట్లో జ్వరమంటే ఒక నోటుపుస్తకం. నాన్న థర్మామీటరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని మణికట్టుతో గట్టిగా విదిలించేవారు. గాలిలో చిన్న 'విష్' చప్పుడు వచ్చేది. గాజుగొట్టంలో కింది బుడ్డ పైన ఒక సన్నటి నొక్కు ఉంటుందనీ, ఎక్కిన పాదరసం దానంతట అది దిగకుండా ఆ నొక్కే ఆపుతుందనీ, అందుకే విదిలించాలనీ చూపించారు. ఒకప్పుడు అది అడుగు పొడవుండేదట. ఒంటి వేడి చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టేదట. 1860ల్లో క్లిఫర్డ్ ఆల్బట్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆరంగుళాల పొట్టి థర్మామీటరు చేసి, ఆ సమయాన్ని అయిదు నిమిషాలకు దించాడు. "జేబులో పట్టేలా చేశాడమ్మా, అంతకన్నా ఏం కావాలి" అని నాన్న ఆయనను సొంత మేనమామలా తలుచుకునేవారు.

వేళ, వేడి, తాగిన నీళ్లు, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లామో అన్నీ ఆ పుస్తకంలో పడేవి. ఒంటి వేడి తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం కాస్త ఎక్కువగా ఉండటం సహజమని నేను ఆ అంకెల నుంచే నేర్చుకున్నాను. జ్వరం వచ్చిన పిల్లను దుప్పట్ల కింద కుక్కితే ఆయన ఊరుకునేవారు కాదు. పలచటి బట్ట వేసి కిటికీ తెరవమనేవారు. కానీ మూడు నెలలు నిండని బిడ్డను ఎవరైనా జ్వరంతో తెస్తే ఆయన మొహం మారిపోయేది. పొట్లాలు, కబుర్లు ఉండేవి కావు. చేతిలో పని వదిలి తిన్నగా డాక్టరుగారి గదిలోకి తీసుకుపోయేవారు.

ఒకసారి తమ్ముడి చేతిలో థర్మామీటరు పగిలింది. నేల మీద వెండి పూసలు పరుగులు తీశాయి. మేమిద్దరం సంబరంగా వంగబోతే నాన్న అరిచారు. ఆయన అరవడం నేను విన్నది అప్పుడే. మమ్మల్ని బయటికి పంపి, తలుపులు, కిటికీలు బార్లా తీసి, రెండు గట్టి కాగితాలతో పూసలన్నీ ఒకచోటికి చేర్చి మూత ఉన్న సీసాలో పోశారు. పాదరసం ఆవిరి కంటికి కనబడదనీ, పీలిస్తే నరాలకు హాని చేస్తుందనీ ఆ తరువాత మెల్లగా చెప్పారు. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో చాలా దేశాలు కలిసి ఒప్పుకున్న మినమాటా ఒడంబడికతో ఆ థర్మామీటర్లకు కాలం చెల్లింది. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది కూతపెట్టి అంకె చూపిస్తుంది. విదిలించాల్సిన పని లేదు. అయినా చేతిలోకి తీసుకోగానే నా మణికట్టు కదులుతుంది.

* * *

రాత్రిపూట కథ చెప్పమంటే నాన్న రాజుల కథలు చెప్పేవారు కాదు. వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడి కథ చెప్పేవారు. పెద్ద ప్రసూతి ఆసుపత్రి. అందులో రెండు విభాగాలు. మంత్రసానులు చూసే విభాగంలో కన్నా, డాక్టర్లు చూసేచోట బాలింత జ్వరంతో ఎక్కువమంది తల్లులు చనిపోతున్నారు. ఎందుకో ఎవరికీ తెలియదు. శవపరీక్షలు చేసిన చేతులతోనే డాక్టర్లు పురుళ్లు పోస్తున్నారని సెమ్మెల్‌వైస్ గమనించాడు. 1847 ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయారు. మే నెలలో క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. వేసవికల్లా ఆ సంఖ్య రెండుకు చేరింది. "మరి అందరూ పొగిడారా నాన్నా?" అని అడిగేదాన్ని, జవాబు తెలిసినా. "లేదమ్మా. డాక్టరు చేతులే మురికివంటే పెద్దమనుషులకు కోపం వచ్చింది." అక్కడికి వచ్చేసరికి నాన్న గొంతు మారేది. 1865లో ఆయన పిచ్చాసుపత్రిలో చనిపోయాడని ఒక్క ముక్కలో చెప్పి దీపం ఆర్పేసేవారు.

మరునాడు పొద్దున సబ్బు పట్టుకుంటే ఆ కథ గుర్తుకొచ్చేది. అరచేతులు, చేతుల వెనక, వేళ్ల సందులు, గోళ్ల కింద, చివరికి బొటనవేలు. నెమ్మదిగా ఇరవై లెక్కపెట్టాలి. మా ఇంట్లో ఇరవై అనే అంకె అలా స్థిరపడిపోయింది. అమ్మ చెయ్యి కాలినప్పుడు పొరుగువాళ్లు తలా ఒక పూత చెప్పారు. నాన్న ఎవరితోనూ వాదించలేదు. అమ్మ మణికట్టు పట్టుకుని కుళాయి ధార కింద ఇరవై నిమిషాలు నిలబడ్డారు. పది నిమిషాలకు అమ్మ "ఇక చాలండీ" అంది. "నీకు చాలు, నీ చర్మానికి చాలదు" అన్నారు. మచ్చ పడలేదు.

* * *

తమ్ముడికి విరేచనాలు పట్టుకున్న రాత్రి మాత్రం మరిచిపోలేను. వాడికి రెండేళ్లు ఉంటాయేమో. సాయంత్రానికే కళ్లు లోపలికి పోయాయి. అమ్మ, ఏదైనా తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయేమోనని భయపడుతోంది. నాన్న లీటరు కాచి చల్లార్చిన నీళ్లు తీసుకుని, అందులో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపారు. చెంచా మీద గుట్టగా లేచిన దాన్ని ప్రతిసారీ కత్తి వీపుతో గీసి సమం చేశారు. కలిపాక ఒక చుక్క నాలుక మీద వేసుకుని, నా నాలుక మీదా వేశారు. "కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉందా?" అని అడిగారు. నేను అప్పటికే ఏడుస్తున్నాను కాబట్టి పోల్చి చెప్పగలిగాను. "లేదు నాన్నా" అన్నాను.

తెల్లవార్లూ చెంచాతో పట్టారు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టేవారు. పేగు గోడ దగ్గర పంచదార ఉప్పును వెంటబెట్టుకుని లోపలికి వెళుతుందనీ, ఆ రెండింటి వెనక నీళ్లు వెళతాయనీ, వట్టి నీళ్లు పోస్తే ఆ పని సరిగ్గా జరగదనీ చీకట్లో నాకు చెబుతూనే ఉన్నారు. నాకు చెప్పడానికి కాదు, తన భయం పోగొట్టుకోవడానికి చెప్పారని ఇప్పుడు అనిపిస్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగి, ఎక్కించే సెలైను అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఇలాంటి నీళ్లే కలిపి తాగించమని ఇచ్చారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. ఆ రాత్రి తెల్లవారే వేళకు తమ్ముడు మూత్రం పోశాడు. నాన్న తడిసిన లుంగీతోనే గోడకు చేరగిలబడి నవ్వారు. తరువాత ఆ తడి లుంగీ మార్చుకోకుండానే నిద్రపోయారు.

* * *

నాన్న నడక వేగం మాకు అందేది కాదు. సాయంత్రం ఆయనతో బయలుదేరితే నేను సగం దారి పరుగే. "ఈ నడకలో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి" అదీ ఆయన కొలత. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం చెబుతోంది. ఓ మాదిరి అంటే ఎంత అని అడిగేవాళ్లకు నేను ఆ పాట మాటే చెబుతాను. లండన్‌లో జెరీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించిన సంగతి ఆయనకు ప్రాణం. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా, మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో ప్రచురించాడు. "నేను కండక్టరు జాతి" అని ఆసుపత్రిలో నిలబడి చేసే తన పని గురించి గర్వంగా చెప్పుకునేవారు.

నాకేమో డ్రైవరు జాతి ఉద్యోగం వచ్చింది. కంప్యూటర్ ముందు పదేసి గంటలు. కళ్లు మండుతున్నాయని ఫోనులో చెబితే మళ్లీ ఇరవై బయటికి తీశారు. ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలోకి, ఇరవై సెకన్లు చూడమన్నారు. నడుము నొప్పి అంటే కుర్చీ మార్చే ముందు లేచి తిరగమన్నారు. ప్రతి ఆదివారం రాత్రి ఫోను. అవే మూడు ప్రశ్నలు. "నిద్ర పట్టింది నాన్నా, నీళ్లు తాగాను, నడిచాను" అని మూడు అబద్ధాలూ ఒకే ఊపిరిలో చెప్పేదాన్ని. అర్ధరాత్రి దాటాక పడుకుని, ఫోను దిండు కింద పెట్టుకుని, అయిదు గంటలకు లేచే రోజులవి. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో సగం పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుందని తెలిసినా తాగేదాన్ని.

ఉద్యోగంలో ఏటా చేసే పరీక్షలో రక్తపోటు ఎక్కువ ఉందన్నారు. ఆ మాట ఫోనులో జారింది. మరునాడు ఉదయం నాన్న గుమ్మంలో ఉన్నారు, గుడ్డ సంచిలో తన బీపీ యంత్రంతో.

ఆ యంత్రం నా చిన్నప్పటి వింత. మూత తెరిస్తే పాదరసం గొట్టం నిలువుగా లేచేది. రబ్బరు బుడ్డ నొక్కుతుంటే చేతి పట్టీ బిగిసేది. ఒకరోజు నా చెవులకు స్టెతస్కోపు పెట్టి తన చేతి చప్పుడు వినిపించారు. ముందు ఏమీ లేదు. గాలి వదులుతుంటే ఒక్కసారిగా టక్, టక్ మని మొదలైంది. తరువాత మెత్తబడి, మాయమైంది. మొదలైన చోట పై అంకె, మాయమైన చోట కింది అంకె. కొరొట్‌కాఫ్ అనే రష్యన్ వైద్యుడు 1905లో ఈ చప్పుళ్ల సంగతి లోకానికి చెప్పాడట. నాకు మాత్రం అది మా నాన్న చప్పుడు.

ఆ రోజు నన్ను అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టారు. పాదాలు నేల మీద, వీపు కుర్చీకి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున. "మాట్లాడకు" అన్నారు. 150 మీద 96. వరసగా అయిదు రోజులు పొద్దునా సాయంత్రం చూసి నోటుపుస్తకంలో రాశారు. తిట్టలేదు. అయిదో రోజున పుస్తకం మూసి, "నిజంగా ఎన్ని గంటలు పడుకుంటున్నావు తల్లీ?" అని అడిగారు. నాకు ఏడుపు వచ్చింది. ఆయన లేచి వెళ్లి భోజనం బల్ల మీది ఉప్పు సీసా తీసి వంటింట్లో పై అరలో పెట్టారు. రోజుకు అన్నిటిలోనూ కలిపి అయిదు గ్రాములకు లోపు, అంటే ఒక చిన్న చెంచాడు అన్నారు. ఫోనును రాత్రి పక్క గదిలో పెట్టించారు. ఏ వేళకు పడుకున్నా, లేచే వేళ మాత్రం ఒకటే ఉండాలన్నారు. డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లారు. ఇచ్చిన మాత్రను, బాగుంది కదా అని సొంతంగా మానవద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు. నాలుగు నెలల తరువాత ఫోనులో నేను 128 మీద 82 అని చదివితే, అవతల చాలాసేపు మాట లేదు.

* * *

చివరి రెండేళ్లలో ఆయనకు రక్తపోటు చూసింది నేనే. ఆయన చేతులు వణికేవి, స్టెతస్కోపు చెవిలో నిలిచేది కాదు. నేను వెళ్లలేని రోజుల్లో మూడు ప్రశ్నలూ నేనే ఫోనులో అడిగేదాన్ని. కింద పడతారేమోనని స్నానాల గదిలో పట్టుకునే కమ్మీ పెట్టించాను. రాత్రి లేస్తే దారి కనబడేలా చిన్న దీపం పెట్టాను. "కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవగలిగినన్ని రోజులు నాకేం భయం లేదు" అని రోజూ లేచి చూపించేవారు. పదిసార్లు, తరువాత ఆరు, తరువాత రెండు.

మొన్న రేకు పెట్టెలో పగిలిన స్టెతస్కోపు గొట్టం, కత్తెర, మూత బిగించిన చిన్న సీసాలో ఆ పాత పాదరసం పూసలు దొరికాయి. అన్నిటి కిందా నోటుపుస్తకం. ఇన్నాళ్లూ మా జ్వరాలే ఉన్నాయనుకున్న ఆ పుస్తకం చివరి పేజీల్లో ఆయన తన లెక్కలు రాసుకున్నారు. అక్షరాలు గీత దాటి జారిపోతున్నాయి. ఒక్కో రోజుకు మూడు వరసలు. ఆఖరి రోజు ఇలా ఉంది: నిద్ర, రెండు గంటలు. నీళ్లు, మూడు గ్లాసులు. నడక, గుమ్మం దాకా.

ఆ రాత్రి నేను ఫోను చేసి అడిగాను. "బాగా నడిచానమ్మా" అన్నారు.